సర్వర్ నరసాపురంలో, మీరు రాజమండ్రిలో: బీఎంసీ సెటప్ మొదటి నుంచి చివరిదాకా

రాజమండ్రిలో తెల్లవారుజామున బస్సెక్కి, రావులపాలెం, సిద్ధాంతం, పెనుగొండ, పాలకొల్లు మీదుగా నరసాపురం చేరి, అక్కణ్ణుంచి ఆటోలో చెరువు గట్ల మీద పడి రొయ్యల చెరువుల ఆఫీసుకెళ్ళి నేను చేసిన పని ఒక్కటే, సర్వర్ ముందున్న పవర్ బటన్ నొక్కడం. రెండు సెకన్లు. మళ్ళీ అంత దూరం వెనక్కి. ముందు రోజు రాత్రి కరెంట్ పోయి వచ్చింది, సర్వర్ మాత్రం పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది. ఫోన్ చేసి ఎవరిచేతైనా నొక్కించొచ్చు కదా అంటారేమో, అదీ అయింది. వాచ్‌మన్ "నొక్కానండి, లైటు కూడా వచ్చిందండి" అన్నాడు. ఆయన నొక్కింది యూపీఎస్ బటన్.

ఇంకా చిరాకేంటంటే, ఇంట్లో కూర్చుని ఆన్ చేసుకునే ఏర్పాటు ఆ బోర్డులో కొన్న రోజు నుంచీ ఉంది. నేనే దానికి కేబుల్ పెట్టలేదు. మీరు ఆ బస్సు ఎక్కకూడదని ఇది రాస్తున్నాను.

ఆ ఏర్పాటు పేరు బీఎంసీ, అంటే బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్. సర్వర్ మదర్‌బోర్డు మీద ఒక మూలన ఉండే చిప్, చాలా బోర్డుల్లో ఏస్పీడ్ కంపెనీ తయారుచేసిన ఏఎస్‌టీ2400, 2500, 2600 రకాల్లో ఒకటి. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంత సాఫ్ట్‌వేర్ ఉంటాయి. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా సరే, ప్లగ్గులో కరెంట్ ఉంటే పవర్ సప్లై ఇచ్చే స్టాండ్‌బై కరెంట్ మీద అది మేలుకునే ఉంటుంది. డెల్ వాళ్ళది ఐడ్రాక్, హెచ్‌పీ వాళ్ళది ఐలో, సూపర్‌మైక్రో, ఏఎస్‌రాక్ ర్యాక్ బోర్డులదైతే మనవాళ్ళు ఐపీఎంఐ అనేస్తారు. అసలు ఐపీఎంఐ అనేది ఆ చిప్‌తో మాట్లాడే భాష పేరు. ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి 1998లో తెచ్చాయి, ఇప్పుడు వాడుతున్న 2.0 రూపం 2004లో వచ్చింది. 2015లో వచ్చిన రెడ్‌ఫిష్ దాని తర్వాతి తరం, అది హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది. కొత్త బోర్డుల్లో రెండూ ఉంటాయి. మామూలు డెస్క్‌టాప్ బోర్డులో ఈ చిప్ ఉండదు, అలాంటిదైతే పైకేవీఎం లాంటి బయటి పెట్టె తగిలించుకోవాలి, ఆ కథ వేరు.

పాత సర్వర్ కొనేవాళ్ళకి ఒక మాట. ఐడ్రాక్‌లో స్క్రీన్ దూరం నుంచి చూడాలంటే ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ కావాలి, ఐలోలో ఆపరేటింగ్ సిస్టమ్ లేచాక స్క్రీన్ కనపడాలంటే అడ్వాన్స్‌డ్ లైసెన్స్ కావాలి. ఉందో లేదో డబ్బులిచ్చే ముందే అడగండి. మా దగ్గరున్నది సూపర్‌మైక్రో ఎక్స్11 తరం బోర్డు, అందులో స్క్రీన్ చూడటానికి విడిగా కొనాల్సిందేమీ లేదు. ఉదాహరణలన్నీ దాని మీదే చెబుతాను, మిగతా బోర్డుల్లో మెనూ పేర్లు మారతాయి గానీ పని అదే.

ముందు దారి, తర్వాత బీఎంసీ

అందరూ తిరగేసి చేస్తారు. బీఎంసీకి ఐపీ పెట్టి, బ్రౌజర్‌లో లాగిన్ పేజీ చూసుకుని, అయిపోయిందనుకుని ఇంటికొచ్చేస్తారు. ఆఫీసులో కూర్చున్నప్పుడు ఆ పేజీ అందరికీ తెరుచుకుంటుంది. సర్వర్ చచ్చిన రాత్రి, మీరు నలభై మైళ్ళ అవతల ఉన్నప్పుడు తెరుచుకోవాలి, అసలు లెక్క అది. నేను మొదట చేసిన తప్పు చెబుతాను: వీపీఎన్‌ని, అంటే బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే రహస్య దారిని, ఆ సర్వర్‌లోనే పెట్టాను. అంటే సర్వర్ ఆగిపోతే దాన్ని లేపడానికి వెళ్ళాల్సిన దారి ఆ సర్వర్ లోంచే వెళ్తుంది. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు లాగేసుకున్నట్టు.

కాబట్టి కాగితం మీద మీ ఫోన్ నుంచి బీఎంసీ దాకా ఒక గీత గీయండి. మధ్యలో ఏమేం తగులుతాయో రాయండి: ఫైబర్ పెట్టె, రౌటర్, నెట్‌వర్క్ స్విచ్, వీపీఎన్ నడిపే యంత్రం, కేబుల్. ఇందులో ఏ ఒక్కటీ ఆ సర్వర్ మీద ఆధారపడకూడదు, అన్నీ యూపీఎస్ మీద ఉండాలి. మా దగ్గర స్విచ్ గోడకున్న ప్లగ్గులో ఉండేది, మిగతావన్నీ యూపీఎస్‌లో. నాలుగువేల రూపాయల యూపీఎస్‌ని నాలుగువందల స్విచ్ ఓడించింది. ఇప్పుడు ఫైబర్ పెట్టె, రౌటర్, స్విచ్, రాస్ప్‌బెర్రీ పై (వీపీఎన్ నడిపే చిన్న కంప్యూటర్, ఇకమీదట 'పై' అని పిలిచేది దీన్నే), ఈ నాలుగింటికీ విడిగా ఒక చిన్న యూపీఎస్ పెట్టాను, సర్వర్‌కి వేరే. ఈ నాలుగూ కలిపి తినే కరెంట్ చాలా తక్కువ కాబట్టి సర్వర్ యూపీఎస్ చేతులెత్తేశాక కూడా ఇవి చాలాసేపు బతుకుతాయి.

వీపీఎన్ సంగతి. పల్లెల్లో చాలా ఫైబర్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీ వెనకాల బోలెడు ఇళ్ళు ఉంటాయి, దీన్నే సీజీనాట్ అంటారు. బయటినుంచి లోపలికి తలుపు తట్టడం కుదరదు. లోపలినుంచి బయటికి మాత్రం వెళ్ళొచ్చు. అందుకని బయట ఎక్కడైనా పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో ఉండే అద్దె సర్వర్) తీసుకుని అందులో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టండి, ఆఫీసులోని రాస్ప్‌బెర్రీ పై దానికి కనెక్ట్ అవుతుంది, మీ ఫోనూ లాప్‌టాపూ కూడా దానికే కనెక్ట్ అవుతాయి. పై వైపు కాన్ఫిగ్‌లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 అని పెట్టడం మర్చిపోవద్దు, అది లేకపోతే కాసేపు మాట్లాడకుండా ఉంటే మధ్యలో రౌటర్లు దారి మూసేస్తాయి. ఇదంతా తలనొప్పి అనుకుంటే టెయిల్‌స్కేల్ అనే రెడీమేడ్ వీపీఎన్ పెట్టుకోండి, పని త్వరగా అయిపోతుంది, నాకేం అభ్యంతరం లేదు.

పైకి ఒక 4జీ డాంగిల్ కూడా తగిలించండి. గాలివానకి కొబ్బరి మట్ట పడి ఫైబర్ తెగడం కోనసీమలోనూ ఇటు పశ్చిమ డెల్టాలోనూ ఎవరికీ కొత్త కాదు.

కేబుల్, ఐపీ

సర్వర్ వెనకాల మామూలు నెట్ పోర్టులు రెండో నాలుగో ఉంటాయి, వాటికి దూరంగా, చాలా బోర్డుల్లో యూఎస్‌బీ పోర్టుల నెత్తిన, ఒంటరిగా ఇంకో పోర్ట్ ఉంటుంది. అదే బీఎంసీది. కేబుల్ అందులో పెట్టండి, పెట్టాకే సర్వర్ ప్లగ్గు పెట్టండి. ఈ వరుస ఎందుకంటే, సూపర్‌మైక్రోలో మొదట్నుంచీ ఉండే సెట్టింగ్ ఫెయిలోవర్. బీఎంసీ లేచే సమయానికి తన పోర్టులో కేబుల్ కనపడకపోతే అది చల్లగా లాన్1 పోర్టులోకి దూరి, ఆఫీసు నెట్‌వర్క్‌లో కూర్చుంటుంది. ఆ లాన్1 ఇంటర్నెట్ వైపు ఉందనుకోండి, మీకు తెలియకుండానే మీ సర్వర్ తాళంచెవి రోడ్డు మీద పెట్టినట్టు. పాస్‌వర్డ్ మార్చి ఇది వదిలేస్తే తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్న సామెతే. నెట్‌వర్క్ పేజీలోకి వెళ్ళి లాన్ ఇంటర్‌ఫేస్ అన్నచోట డెడికేటెడ్ అని మార్చేయండి.

ఉప్పునీటి చెరువుల పక్కనున్నవాళ్ళు కేబుల్ చివర్లు ఏడాదికోసారి చూసుకోండి. ఒకసారి బీఎంసీ ఉన్నట్టుండి కనపడకుండా పోతే నేను ఫర్మ్‌వేర్ (బీఎంసీ సొంత సాఫ్ట్‌వేర్) మీద అనుమానంతో రెండు రోజులు తలబాదుకున్నాను, తీరా చూస్తే ప్లగ్గులో రాగి పచ్చబడి ఉంది. ఆ గాలికి ఇనప గేట్లే ఆగవు, ఇదెంత.

ఐపీ మూడు విధాలుగా ఇవ్వొచ్చు: బయోస్‌లో (సర్వర్ లేచేటప్పుడు మొదట తెరుచుకునే సెట్టింగుల తెర) ఐపీఎంఐ పేజీలోంచి, డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట ఐపీ పంచే పద్ధతి) ఇచ్చిన ఐపీ పట్టుకుని వెబ్ పేజీలోంచి, లేదా సర్వర్‌లో లినక్స్ నడుస్తుంటే ఐపీఎంఐటూల్ అనే ప్రోగ్రామ్‌తో. మూడోది నాకిష్టం. ఆదేశాలు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టుకోండి. "ఐపీఎంఐటూల్ లాన్ ప్రింట్ 1" అంటే ఇప్పుడున్న ఐపీ, మ్యాక్ చిరునామా కనపడతాయి. చివరి 1 అనేది చానెల్ నంబర్, ఏమీ రాకపోతే 8 వేసి చూడండి, కొన్ని బోర్డుల్లో అది. తర్వాత "లాన్ సెట్ 1 ఐపీఎస్ఆర్‌సీ స్టాటిక్", "లాన్ సెట్ 1 ఐపీఏడీడీఆర్" అని మీ ఐపీ, "నెట్‌మాస్క్" అని మాస్క్.

గేట్‌వే (బయటి నెట్‌కి దారి) దగ్గర ఆగండి. చాలామంది రౌటర్ ఐపీ ఇచ్చేస్తారు. నేనైతే ఏమీ ఇవ్వను. బీఎంసీకి బయటి ప్రపంచంతో పనేంటి? దానికీ పైకీ మధ్య ఒక విడి వీలాన్ (మిగతావాటి నుంచి వేరుచేసిన నెట్‌వర్క్) పెట్టి, వీపీఎన్‌లోంచి వచ్చేవాటికి పై దగ్గర మాస్కరేడ్ చేస్తే, ఎవరొచ్చినా పక్కనున్న పై అడిగినట్టే బీఎంసీకి కనపడుతుంది, జవాబు చెప్పడానికి గేట్‌వే అక్కర్లేదు. అది ఇంటర్నెట్‌లోకి వెళ్ళలేదు, ఇంటర్నెట్ దాని దగ్గరికి రాలేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే

ఐపీఎంఐ 2.0లో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. ఫలానా యూజర్‌ని లాగిన్ అవుతాను అని ఎవరడిగినా, పాస్‌వర్డ్ చెప్పకముందే ఆ పాస్‌వర్డ్ హ్యాష్‌ని (గిలక్కొట్టిన రూపాన్ని) వాళ్ళ చేతిలో పెట్టేస్తుంది. 2013లో డాన్ ఫార్మర్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు దీన్ని బయటపెట్టారు. అప్‌డేట్‌తో పోయేది కాదు, ఆ భాష రాసుకున్నదే అలా. హ్యాష్ పట్టుకెళ్ళినవాడు తీరిగ్గా ఇంట్లో కూర్చుని విప్పుకుంటాడు. ఇది పాతది కదా అనుకుంటే, ఏఎంఐ వాళ్ళ మెగారాక్ అనే బీఎంసీ సాఫ్ట్‌వేర్‌లో, చాలా కంపెనీల బోర్డుల్లో ఉంటుందది, అసలు లాగిన్ లేకుండానే లోపలికి పోయే కంత బయటపడింది, దాడులు జరుగుతున్నాయని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2025 జూన్‌లో తన జాబితాలో చేర్చింది. బీఎంసీ చేజిక్కించుకున్నవాడు సర్వర్ ఆపగలడు, స్క్రీన్ చూడగలడు, సొంత డిస్కు తగిలించి బూట్ చేయగలడు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం మళ్ళీ వేసినా వాడు అక్కడే ఉండొచ్చు.

అందుకని రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టి బీఎంసీ వెబ్ పేజీ పోర్ట్ 443నో, ఐపీఎంఐ పోర్ట్ యూడీపీ 623నో బయటికి తెరవడం అన్నది ఆలోచనలోకి కూడా రానివ్వకండి. "ఒక్క రోజుకేనండి, టెస్టింగ్‌కి" అన్నవాళ్ళు నాకు తెలుసు. ఆ ఒక్క రోజు ఎవరూ మూయరు.

పాస్‌వర్డ్ విషయానికొస్తే, పాత సూపర్‌మైక్రో బోర్డుల్లో యూజరూ పాస్‌వర్డూ రెండూ పెద్దక్షరాల్లో అడ్మిన్. పాత డెల్‌లో రూట్, క్యాల్విన్. లోకమంతటికీ తెలిసినవే. 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక్కో పరికరానికి ఒక్కో పాస్‌వర్డ్ ఉండాలని చట్టం వచ్చాక సూపర్‌మైక్రో బోర్డు మీదే స్టిక్కర్ అంటించి పంపడం మొదలైంది, పెట్టె బిగించే ముందు ఆ స్టిక్కర్ ఫొటో తీసుకోండి, తర్వాత అది కనపడేచోట ఉండదు. ఐపీఎంఐలో పాస్‌వర్డ్ 20 అక్షరాలకి మించదు, పాత పద్ధతిలో 16. 16 అక్షరాలది, ఎక్కడా వాడనిది, అర్థంలేనిది పెట్టుకుంటే అన్నిచోట్లా పనిచేస్తుంది. సర్వర్ లోపల రూట్‌గా ఉంటే "ఐపీఎంఐటూల్ యూజర్ సెట్ పాస్‌వర్డ్ 2" అని పాత పాస్‌వర్డ్ తెలియకుండానే మార్చేయొచ్చు. మర్చిపోయినవాళ్ళకి ఇది వరం, సర్వర్‌లోకి దొంగ దూరితే మాత్రం బీఎంసీ కూడా వాడిదే అయిపోతుందని కూడా దీనర్థం.

సెకండ్‌హ్యాండ్ బోర్డైతే ముందు ఫ్యాక్టరీ రీసెట్, తర్వాత ఫర్మ్‌వేర్ అప్‌డేట్, ఆ తర్వాతే నెట్‌వర్క్. పాత ఓనర్ యూజర్లు అందులో అలాగే ఉంటారు. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు మధ్యలో కరెంట్ పోతే బీఎంసీ ఇక పనికిరాని ఇటుకే, కాబట్టి యూపీఎస్ మీద పెట్టి, లైన్‌మన్ స్తంభం ఎక్కని రోజు చూసుకుని చేయండి.

కరెంట్ పోయి వస్తే ఏం చేయాలి

బయోస్‌లో "రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్" అని ఉంటుంది. మూడు మాటలు: ఎప్పుడూ ఆఫ్, ఎప్పుడూ ఆన్, ఇంతకుముందు ఎలా ఉంటే అలా. ఐపీఎంఐటూల్‌లోనైతే "చాసిస్ పాలసీ" అని, పక్కన "ఆల్వేస్-ఆన్", "ఆల్వేస్-ఆఫ్", "ప్రీవియస్". నన్ను బస్సెక్కించింది ఇదే, ఆఫ్‌లో ఉండింది.

చాలామంది మూడోది పెట్టుకుంటారు, చూడటానికి తెలివైనదిలా ఉంటుంది. కానీ యూపీఎస్ బ్యాటరీ అయిపోవస్తుంటే సర్వర్ తనంతట తాను పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా మీరు పెట్టుకుని ఉంటారు కదా, అప్పుడు కరెంట్ పూర్తిగా పోయే సమయానికి సర్వర్ ఉన్న స్థితి ఆఫ్. కరెంట్ వచ్చాక బోర్డు ఆ ఆఫ్‌నే గుర్తుపెట్టుకుని అలాగే పడుకుంటుంది. సరే, ఎప్పుడూ ఆన్ పెడదామా? అప్పుడు ఇంకో తిరకాసు. సర్వర్ షట్‌డౌన్ అయ్యాక, యూపీఎస్ పూర్తిగా చచ్చేలోపే లైన్ వచ్చేసిందనుకోండి, బోర్డు దృష్టిలో కరెంట్ పోనేలేదు, కాబట్టి రావడం అనే మాటే లేదు. మళ్ళీ పడుకునే ఉంటుంది. పైగా మన దగ్గర వానాకాలంలో కరెంట్ వస్తే ఒకేసారి వచ్చి నిలబడుతుందా? వస్తుంది, పోతుంది, పది నిమిషాలకి మళ్ళీ వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఢమాల్‌మంటుంది, మళ్ళీ పోతుంది. ప్రతిసారీ సర్వర్ లేచి, సగం బూట్ అయ్యి, పడిపోతే డిస్కులు ఏమైపోవాలి?

నేను చివరికి పెట్టుకున్న పద్ధతి ఇది. బోర్డు పాలసీ ఎప్పుడూ ఆఫ్. లేపాలా వద్దా అన్న నిర్ణయం పైది. సర్వర్ యూపీఎస్ యూఎస్‌బీ కేబుల్ పైకి తగిలించి, నట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. లైన్ ఉందా లేదా, బ్యాటరీ ఎంతుంది అన్నది పైకి తెలుస్తుంది, తగ్గిపోతుంటే సర్వర్‌కి షట్‌డౌన్ చెబుతుంది. లైన్ తిరిగొచ్చాక ఇరవై నిమిషాలు ఆగకుండా నిలబడితే, బ్యాటరీ సగం పైన ఎక్కితే, అప్పుడు పై నుంచి "చాసిస్ పవర్ ఆన్" అని ఒక ఆదేశం బీఎంసీకి వెళ్తుంది. ఇరవై లైన్ల స్క్రిప్ట్. పై పాడైతే ఎవరు లేపుతారు అని అడుగుతారు, నిజమే, ఎవరూ లేపరు. ఆ భయం ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఆన్ పెట్టుకుని, బయోస్‌లో బూట్ ఆలస్యం చేసే సెట్టింగ్ ఉంటే అది వాడుకోండి. ఇంకో విషయం, కరెంట్ రాగానే బీఎంసీ పింగ్‌కి పలకలేదని కంగారుపడకండి, అది కూడా ఒక చిన్న కంప్యూటరే, లేవడానికి నిమిషం రెండు నిమిషాలు పడుతుంది.

ఆఫీసులో జనరేటర్ ఉంది కదా అంటారేమో. ఉంది. రాత్రిపూట కరెంట్ పోతే ఆ జనరేటర్ ముందు ఏరేటర్లకి. చెరువులో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి, పంట మొత్తం పోతుంది. అకౌంట్ల సర్వర్ రెండు గంటలు ఆగితే ఎవరూ చావరు. ఓనర్ గారు నాతో అన్నది అదే, ఆ వరుసలో నేనూ వాదించలేదు.

ఆపేటప్పుడు "పవర్ సాఫ్ట్", "పవర్ ఆఫ్" రెండూ ఒకటనుకోకండి. సాఫ్ట్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మర్యాదగా చెప్పడం. ఆఫ్ అంటే పీక పిసకడం. సాఫ్ట్ ఇచ్చి ఐదు నిమిషాలు చూసి, అప్పటికీ కదలకపోతేనే రెండోది.

స్క్రీన్, సీరియల్

వెబ్ పేజీలో రిమోట్ కంట్రోల్ కింద హెచ్‌టీఎంఎల్5 ఐకేవీఎం నొక్కితే సర్వర్ మానిటర్ మీ బ్రౌజర్‌లోకి వస్తుంది, బయోస్ దగ్గర్నుంచి. పాత బోర్డుల్లో జావా అడుగుతుంది, దానితో వేగలేరు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే కొన్నింట్లో హెచ్‌టీఎంఎల్5 వస్తుంది, చూడండి.

ఇది బాగానే ఉంటుంది, నెట్ బాగున్నంతసేపు. మొబైల్ సిగ్నల్ ఒక గీత మీద ఉన్నప్పుడు బొమ్మ కదలదు. అప్పుడు ఆదుకునేది సోల్, సీరియల్ ఓవర్ లాన్. అక్షరాలు మాత్రమే వస్తాయి కాబట్టి ఎంత నీరసం నెట్ అయినా చాలు. బయోస్‌లో సోల్ పోర్టుకి కన్సోల్ రీడైరెక్షన్ ఎనేబుల్ చేసి, వేగం 115200 పెట్టండి. లినక్స్ బూట్ లైన్‌లో కన్సోల్‌గా టీటీవైఎస్1 అనే సీరియల్ పోర్టుని అదే వేగంతో చేర్చండి, బోర్డుని బట్టి అది టీటీవైఎస్0 కావచ్చు. తర్వాత పై నుంచి ఐపీఎంఐటూల్‌ని లాన్‌ప్లస్ పద్ధతిలో పిలిచి "సోల్ యాక్టివేట్". బయటికి రావాలంటే టిల్డా, చుక్క. కానీ మీరు పైలోకి ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి ఆదేశాలు కొట్టే లాగిన్) వెళ్ళి ఉంటే ఆ టిల్డాని ఎస్ఎస్‌హెచ్ మింగేసి మొత్తం కనెక్షన్ తెంపేస్తుంది, టిల్డా రెండుసార్లు కొట్టి చుక్క పెట్టండి. ఈ ముక్క తెలియక నేను ఎన్నిసార్లు బయటపడ్డానో లెక్కలేదు.

కొత్తగా ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలంటే వర్చువల్ మీడియా అని ఉంది, మీ లాప్‌టాప్‌లోని ఐఎస్ఓ ఫైల్ అక్కడ సీడీలా కనపడుతుంది. మొబైల్ డేటా మీద రెండు మూడు జీబీల ఐఎస్ఓ అలా నడిపితే పుష్కరాలు పడుతుంది. దానికి బదులు ఒక రెస్క్యూ పెన్‌డ్రైవ్ సర్వర్ వెనకాల ఎప్పుడూ గుచ్చి ఉంచండి, అవసరమైనప్పుడు స్క్రీన్‌లోంచి బూట్ మెనూలో దాన్ని ఎంచుకోవచ్చు. "చాసిస్ బూట్‌డెవ్ బయోస్" అంటే వచ్చేసారి నేరుగా బయోస్‌లో ఆగుతుంది, డిలీట్ కీ టైమ్‌కి నొక్కే టెన్షన్ ఉండదు.

కాపలా

"ఐపీఎంఐటూల్ ఎస్‌డీఆర్" కొడితే టెంపరేచర్లు, ఫ్యాన్ వేగాలు, వోల్టేజీలు అన్నీ వరసగా వస్తాయి. "సెల్ లిస్ట్" అంటే జరిగిన సంఘటనల చిట్టా: మెమరీలో సరిదిద్దుకున్న తప్పులు, ఫ్యాన్ ఆగడం, పెట్టె మూత తెరవడం. చిట్టాలో తేదీ 1970 అని చూపిస్తుంటే బీఎంసీకి టైమ్ తెలియట్లేదు; ఎన్‌టీపీ సర్వర్‌గా పై ఐపీ ఇవ్వండి, పైలో క్రోనీ పెట్టి దాన్ని టైమ్ చెప్పేలా చేయండి. చిట్టా నిండిపోతే చాలా బోర్డులు కొత్తవి రాయడం మానేస్తాయి, అప్పుడప్పుడు కాపీ తీసుకుని ఖాళీ చేస్తుండండి.

బీఎంసీ తనంతట తాను ఈమెయిల్ పంపగలదు. పెట్టుకోవచ్చు, నేను పెట్టలేదు. పాత బీఎంసీలు మాట్లాడే ఎన్‌క్రిప్షన్‌ని ఇప్పటి మెయిల్ సర్వర్లు ఒప్పుకోవు, పైగా మనం గేట్‌వే ఇవ్వలేదు. పైలో ప్రొమీథియస్ అనే కాపలా సాఫ్ట్‌వేర్, దానికి ఐపీఎంఐ ఎక్స్‌పోర్టర్ పెడితే గ్రాఫులూ వస్తాయి, టెలిగ్రామ్‌కి మెసేజీలూ వస్తాయి. అంత వద్దనుకుంటే ఐదు నిమిషాలకోసారి ఎస్‌డీఆర్ చదివి, ఏదైనా హద్దు దాటితే మెసేజ్ పంపే చిన్న స్క్రిప్ట్ చాలు. ఒక్కటి మాత్రం వదలకండి. ఊరి నెట్ మొత్తం పోతే పై కూడా ఏమీ చెప్పలేదు, మీకు ఫోన్ నిశ్శబ్దంగా ఉంటుంది, అంతా బాగుందనుకుంటారు. కాబట్టి బయటి వీపీఎస్ దగ్గర ఇంకో స్క్రిప్ట్ ఉండాలి, పై నుంచి పావుగంట పలుకు లేకపోతే అది అరవాలి. లేకపోతే దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టే.

హద్దులు మీ గదిని బట్టి పెట్టుకోండి. ఒక వారం గ్రాఫు చూస్తే మామూలు ఎంతో తెలుస్తుంది. మా గ్రాఫులో రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి టెంపరేచర్ మెట్టెక్కినట్టు పైకి లేచి, పొద్దున్న ఎనిమిదింటికి దిగేది. సర్వర్‌లో ఆ సమయానికి పనేమీ లేదు. ఫోన్ చేస్తే వాచ్‌మన్ అన్నాడు, "రాత్రి మనుషులెవరూ ఉండరు కదండీ, ఏసీ ఎందుకు దండగని కట్టేస్తున్నానండి." పాపం, ఆయన ఓనర్ డబ్బులే మిగులుస్తున్నాడు.

ఫ్యాన్ల దగ్గర ఒక చిన్న ముడి. శబ్దం ఎక్కువని మీరు నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు వేస్తే, ఆ వేగం బోర్డు పెట్టుకున్న కనీస హద్దు కన్నా తక్కువై, ఫ్యాన్ చచ్చిపోయిందనుకుని బోర్డు అన్నింటినీ ఫుల్ స్పీడుకి లేపుతుంది. లేవగానే వేగం బాగుందని తగ్గిస్తుంది. తగ్గగానే మళ్ళీ భయపడుతుంది. రాత్రంతా ఊయల. "సెన్సర్ థ్రెష్ ఫ్యాన్1 లోయర్ 100 200 300" లాగా కింది హద్దులు మీ ఫ్యాన్‌కి తగ్గట్టు దించండి. కొన్ని బోర్డుల్లో బీఎంసీ రీసెట్ అయితే ఇవి పోతాయి, సర్వర్ లేచినప్పుడల్లా నడిచేలా పెట్టుకోండి.

బీఎంసీకి తెలియనివి కూడా ఉన్నాయి. హార్డ్‌డిస్కులు చావుకి దగ్గరపడ్డాయా అన్నది మా బోర్డులాంటి వాటికి కనపడదు, దానికి సర్వర్ లోపల స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం తానే చెప్పే పద్ధతి) చెక్ విడిగా పెట్టాలి. డేటాబేస్ ఆగిపోయినా దానికి పట్టదు.

ఇక బీఎంసీ తనే బిగుసుకుపోవడం. వెబ్ పేజీ తెరుచుకోదు, సర్వర్ మాత్రం చక్కగా నడుస్తుంటుంది. సర్వర్ లోపలికి ఎస్ఎస్‌హెచ్ చేసి "ఐపీఎంఐటూల్ ఎంసీ రీసెట్ కోల్డ్" అనండి, బీఎంసీ ఒక్కటే రీస్టార్ట్ అవుతుంది, నడుస్తున్న పని మామూలుగా ఆగదు. అదీ వినకపోతే ప్లగ్గు తీసి నిమిషం ఆగి పెట్టడమే, దానికి మనిషి కావాలి.

తుఫాను

మొంథా 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. ఆ రోజు మధ్యాహ్నమే ఓనర్ గారికి చెప్పి, బ్యాకప్ బయటికి పంపించి, పవర్ సాఫ్ట్ ఇచ్చేశాను. ఇలాంటప్పుడు చివరి నిమిషం దాకా సర్వర్ నడిపి చూపించాలన్న పంతం వద్దు. సెల్ టవర్లు కూడా బ్యాటరీల మీదే బతుకుతాయి, అవి పడుకున్నాక మీ వీపీఎన్, 4జీ డాంగిల్ అన్నీ అలంకారాలే. దారి ఉన్నప్పుడే ఆపేయాలి. గోదారి వరదకైతే ఇంకా సమయం దొరుకుతుంది, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఏటిగట్టు లోపలి లంకల్లో ఉన్నవాళ్ళు మొదటిది దాటగానే సర్వర్‌ని మేడ మీదికి ఎక్కించుకోండి. బీఎంసీకి ఈత రాదు.

వచ్చే ముందు

ఇంకా ఆఫీసులో ఉండగానే ఒక పని చేయాలి, ఎవరూ చేయనిది. సర్వర్ నడుస్తుండగా, అందరికీ చెప్పి, ఆఫీసు మెయిన్ స్విచ్ దించేయండి. వైఫై వదిలేసి ఫోన్ డేటా మీద రోడ్డు మీదికి వెళ్ళండి. వీపీఎన్ కలుస్తుందా, బీఎంసీ పేజీ వస్తుందా చూడండి. సర్వర్ యూపీఎస్ ఖాళీ అయ్యేదాకా ఆగండి, సర్వర్ తనంతట ఆగిందా లేదా చిట్టాలో చూడండి. మెయిన్ పైకి లేపి, అది మళ్ళీ లేచేదాకా రోడ్డు మీదే ఉండండి, లోపలికెళ్ళి ఏదీ ముట్టుకోకుండా. నాకు మొదటిసారి వీపీఎన్ దగ్గరే ఆగింది, పైన చెప్పిన స్విచ్ పుణ్యమా అని. రెండోసారి అంతా అయ్యింది గానీ పైలో టైమ్ తప్పు పట్టుకుని స్క్రిప్ట్ ఇరవై నిమిషాలకి బదులు వెంటనే లేపేసింది. మూడోసారి చెరువు గట్టు మీద టీ తాగుతుండగా ఫోన్‌లో బయోస్ స్క్రీన్ లేవడం చూశాను.

తర్వాత ఒక అట్ట ముక్క మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి సర్వర్‌కి అంటించాను: "ఈ ప్లగ్గు తీయొద్దు. ఏసీ కట్టొద్దు. పవర్ బటన్ ఇది." బాణం గుర్తుతో.